ఏడు నాలుగులు, నాలుగు ఏడులు

చివరి బెంచీని చిన్నపిల్లల కొలతకు చేశారు కనుక నా మోకాళ్ళు దాదాపు గడ్డాన్ని తాకుతున్నాయి. ఈ భంగిమలో పరీక్షాధికారి హోదాను నిలబెట్టుకోవడం ఎంతటివాడికైనా కష్టమేననుకుంటూ, మార్కుల పత్రాన్ని తొడమీద సర్దుకొని, పరీక్షపాఠం చెప్పబోయే ఆవిడ నల్లబల్లమీద తేదీ రాయడం చూస్తున్నాను. అక్షరాలు ఎక్కడా వంకర పోవడం లేదు. అంటే ఈ తేదీని ఇంటిదగ్గర చాలాసార్లు రాసి చూసుకొని ఉంటుంది. శిక్షణలో ఉన్న మిగతావాళ్ళకంటే ఈమె పన్నెండు, పదిహేనేళ్ళు పెద్ద, అందుకే వాళ్ళంతా పెద్దక్క అంటారట. ఒక చిన్న బడిలో ఏళ్ళతరబడి సహాయకురాలిగా పిల్లల ముక్కులు తుడిచి, బూట్ల తాళ్ళు కట్టి, వాంతులు కడిగి, ఎప్పటికైనా బల్లముందు నిలబడాలని ఈ శిక్షణలో చేరింది. ఆ బడివాళ్ళు ఉద్యోగం అట్టేపెట్టారు, సర్టిఫికెట్టు చూపిస్తే చాలు. అన్ని సబ్జెక్టులూ గట్టెక్కి, పోయినసారి లెక్కల పాఠం దగ్గర పరీక్ష పోయింది. ఇది రెండో అవకాశం, నిబంధనల ప్రకారం మూడోది లేదు. పాసవ్వాలంటే మార్కుల పత్రంమీద రెండు సంతకాలు కావాలి, ఒకటి బయటినుంచి వచ్చిన నాది, రెండవది నా పక్కన నాకంటే ఇరుకుగా కూర్చున్న కళాశాల బోధనాపద్ధతుల లెక్చరర్‌ది. ఆయన పోయినసారి ఈమెకు తక్కువ మార్కులు వేసినవాడే; చెడ్డవాడేం కాదు, కొలబద్దను నమ్మేవాడు, నేనూ కొలబద్దలతోనే బతికినవాణ్ణి కనుక ఆయనను తప్పుపట్టలేను.

పొద్దున స్టాఫ్‌రూములో ఆమెను అడిగిన ప్రశ్న ఇంకా నాలుకమీదే ఉంది. ఏడు నాలుగులూ నాలుగు ఏడులూ ఒకటేనా అమ్మా అంటే, ఒకటేనండి అంది. ఎందుకు అన్నాను. ఎక్కాల్లో అలాగే ఉంటుంది కదండీ అంది, ఆ మాత్రం తెలియని ఈ పెద్దాయన్ను పరీక్షలకు ఎందుకు పిలిచారా అన్నట్టు కాస్త జాలిగా కూడా. ఎక్కాల్లో ఎందుకు అలా ఉంది అని రెట్టించాను. ఎవరో పెద్దవాళ్ళు కనిపెట్టి పెట్టారండి, మనం పాటించాలి. పాటించాలి! ఈ క్రియ దగ్గరే నా జీవితంలో సగం గడిచింది. మొదట భౌతికశాస్త్రం, తరువాత ఉపాధ్యాయ శిక్షణలో లెక్కల బోధన చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. కొత్తగా చేరిన ప్రతి బృందాన్నీ మొదటిరోజు ఒకటే అడిగేవాణ్ణి: మీకు లెక్కలు దేనిలాంటివి? ఇంజెక్షన్‌లాంటివి, వేసేటప్పుడు కళ్ళు మూసుకోవాలి అన్నవాడొకడు. మా పెదనాన్నలాంటివి సార్, ఇంటికొస్తే అందరం లేచి నిలబడాలి, ఎందుకొచ్చారని అడగకూడదు అన్నది ఒక అమ్మాయి, గదంతా పగలబడి నవ్వింది. ఈ పెద్దక్కనూ పొద్దున అదే అడిగితే, చాలాసేపు ఆలోచించి, వేరేవాళ్ళింటి వంటగదిలాంటివండి, ఏది ఎక్కడుందో వాళ్ళకే తెలుసు, అడిగి తీసుకోవాలి, మనంతట మనం డబ్బా మూత తియ్యకూడదు అంది. ఇంత కచ్చితమైన సమాధానం నేను వినలేదు. చిన్నపిల్లల బడిలోకి అడుగుపెట్టే ప్రతివాళ్ళూ ఈ వంటగదిని తమతోపాటు మోసుకెళ్తారు, పాతికమంది పిల్లల్ని గుమ్మం బయటే నిలబెడతారు. లెక్కల బుర్ర కొందరికి పుట్టుకతోనే ఉంటుందనీ, తమకు లేదనీ, అయినా చిన్న తరగతులకు ఆ బుర్ర అక్కర్లేదనీ వాళ్ళ నమ్మకం. ఈ నమ్మకాలు మారతాయని నేననుకోను. హోటల్లో పదమూడో నంబరు గది వద్దనేవాడితో, ఎందుకు వద్దో చెప్పమని మూఢనమ్మకాలమీద సభలు పెట్టి వాదించాను, వాదనలో ఓడిపోయి కూడా అతను పన్నెండో గదిలోనే పడుకున్నాడు. మా ఆవిడ అననే అంటుంది, ఊళ్ళో అందరినీ ఎందుకూ ఎందుకూ అని వేపుకుతింటారు, ఇంట్లో ఉప్పు అయిపోయిందంటే మాత్రం ఎందుకయిందని ఒక్కసారి అడగరు, వెళ్ళి తేరు.

పాఠం మొదలైంది. ఆమె పాఠ్యపథకం నకలు నా చేతిలోనే ఉంది, మూడు నిలువు గడులు: ఉపాధ్యాయుడు చేసేది, విద్యార్థి చెప్పేది, నల్లబల్లమీద రాసేది. మధ్య గడిని ఎప్పుడు చూసినా నాకు నవ్వొస్తుంది. పిల్లలు ఇంకా నోరు తెరవకముందే, బహుశా వాళ్ళు నిద్రలో ఉండగానే, వాళ్ళేం చెబుతారో రాసేసి ఉంటుంది. రేపటి వాన ఇవాళే కొలిచి రాసుకోవడంలాంటిది, కానీ మా వృత్తిలో అందరం అలాగే రాశాం, అలాగే రాయించాం. ఏడు నాలుగులు ఎంత అంటే గది మొత్తం ఒక్క గొంతుతో ఇరవై ఎనిమిది అంది, నాలుగు ఏడులు ఎంత అంటే మళ్ళీ అదే పాట, అదే రాగం. కాబట్టి రెండూ సమానం అని ఆమె బల్లమీద రాసింది. మధ్య గడిలో 'అవును టీచర్, రెండూ సమానం' అని ఉంది, గదిలో కూడా దాదాపు అందరూ అదే అన్నారు, కిటికీపక్క కూర్చున్న ఒక పిల్ల తప్ప. ముందుపళ్ళ మధ్య సందు, జడలు ఒకటి పైకి ఒకటి కిందికి. తోటివాళ్ళు ఆ పిల్లను లాయరు అంటారని తరువాత తెలిసింది.

"ఒకటెలా అవుతాయి టీచర్? ఏడు సంచుల్లో నాలుగేసి పళ్ళు పెడితే నేను ఏడు సంచులు మొయ్యాలి. నాలుగు సంచులైతే చేతికి రెండు పట్టుకుపోతా."

"మొదలెట్టిందిరా లాయరు," అన్నాడు వెనక బెంచీవాడు. "పళ్ళు ఒకటేనే తల్లీ! సంచులు కాదు!"

"అదే కదరా అడుగుతున్నా. సంచులు మారితే పళ్ళు ఎందుకు మారలేదు?"

ఆమె సుద్దముక్క పట్టుకొని తన పాఠ్యపథకంవైపు చూసుకుంది. మధ్య గడిలో ఈ వాక్యం లేదు, పక్క గడిలోనూ లేదు. పక్కన లెక్చరర్ కలం మూత తీసిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. ఆ పిల్ల అడిగినది చిన్న ప్రశ్న కాదు, నేను దాన్ని అక్షరాలతో, ఒక సంఖ్యను అ అనుకుందాం, ఇంకొకదాన్ని ఆ అనుకుందాం అంటూ, వినిమయ ధర్మమని పేరు పెట్టి, పేరు పెట్టడంతోనే పని అయిపోయినట్టు ఎన్ని తరగతుల్లో దాటుకుంటూ వచ్చానో. సంచులు మారితే పళ్ళు ఎందుకు మారలేదు. నిజమే, మారవలసిన కారణాలే ఎక్కువగా కనిపిస్తున్నాయి. ఏడు గదుల ఇంట్లో నలుగురేసి ఉండటం, నాలుగు గదుల ఇంట్లో ఏడుగురేసి ఇరుక్కోవడం ఒకటి కాదు, వారానికి నాలుగు రోజులు ఏడేసి గంటలు పనిచేయడం, ఏడు రోజులూ నాలుగేసి గంటలు పనిచేయడం ఒళ్ళుకు ఒకటి కాదు. లోకంలో ఇంత వేరుగా ఉన్న రెండు సంగతులు లోపల ఎక్కడో ఒకే చోట కలుస్తాయనేది, ఎక్కం పాఠం రానివాడికైతే, నమ్మశక్యం కాని కబురు. మనం నమ్మాం, ఎందుకంటే ఆశ్చర్యపడటానికి ముందే మనకు దాన్ని కంఠస్థం చేయించారు. ఆశ్చర్యం రావలసిన చోట పాట వచ్చి కూర్చుంది. నా కాలేజీ రోజుల్లో మేడమీద దుర్భిణి పెట్టి శనిగ్రహాన్ని చూపించినప్పుడు, వరసలో నాకు ముందున్న ముసలాయన అందరిలా అబ్బా అనకుండా, కన్ను తీసి, గొట్టం ముందుకు వెళ్ళి, అద్దంమీద ఎవరైనా బొమ్మ అంటించారేమోనని వేలితో తడిమి చూశాడు. అందరూ నవ్వారు. ఆయన మళ్ళీ వచ్చి ఇంకొకసారి చూసి, ఈసారి పక్కకు తప్పుకొని, చాలాసేపు గోడకానుకొని ఆకాశంవైపు చూస్తూ ఉండిపోయాడు. ఆ రాత్రి శనిని నిజంగా చూసినవాడు ఆయనొక్కడేనని నాకు ఇప్పటికీ అనుమానం. ఈ జడల పిల్ల కూడా గొట్టం ముందు వేలు పెట్టింది.

ఇప్పుడు పెద్దక్క ఏం చెయ్యాలో నాకు తెలుసు, ఇలాంటి సమయాల్లో అందరూ చేసేదే: మంచి ప్రశ్న, తరువాత చెప్పుకుందాం, కూర్చో. అలా అంటే మార్కులు పోవు. పిల్ల కూర్చుంటుంది, ఇక ఎప్పటికీ అలాగే కూర్చుంటుంది. ఆమె నావైపు చూసింది, లెక్చరర్‌వైపు చూసింది, మేమిద్దరం కొయ్యబొమ్మల్లా ఉన్నాం, అలా ఉండటమే మా విధి. తరువాత ఆమె సుద్దముక్కను బల్లగట్టుమీద పెట్టి, నేను నా పరీక్షాధికారి జీవితంలో ఒక్కసారి కూడా వినని మాట అంది.

"నాకూ తెలీదే. ఇందాక పొద్దున నన్నూ అడిగారు, నాకు రాలేదు. రండి, బయటికెళ్ళి చూద్దాం."

"సార్, ఇది పథకంలో లేదు," అన్నాడు లెక్చరర్ నా చెవిలో.

"మనమూ లేము కదా పథకంలో. పదండి, నా మోకాళ్ళకైనా పుణ్యం," అన్నాను లేస్తూ.

బయట సిమెంటు గచ్చు, ఎదురుగా గోడ, కుడిచేతి పక్కన గేటు, పదిగంటల ఎండ. తరగతిలో ఇరవై తొమ్మిదిమంది. గోడవైపు తిరిగి, పక్కపక్కన నిలబడ్డవాళ్ళంతా ఒక వరస అని చెప్పి, ఆమె పిల్లల్ని నాలుగు వరసలుగా, వరసకు ఏడుగురు చొప్పున, ఒకరి వెనక ఒకరు సరిగ్గా పడేలా నిలబెట్టింది. బూట్ల తాళ్ళు కట్టిన చేతులు కనుక పిల్లల భుజాలు ఆ చేతుల మాట విన్నాయి. లాయరు మిగిలిపోయింది. నువ్వు లెక్కపెట్టు, ఒక్కో వరసా ఒక సంచి అనుకో అంది ఆమె. నాలుగు సంచులు, సంచికి ఏడుగురు అని ఆ పిల్ల వేలు చూపించుకుంటూ ప్రకటించింది. అప్పుడు ఆమె కాసేపు ఆగింది. ఆ ఆగడంలో ఏముందో దూరం నుంచి కూడా నాకు కనిపించింది. తరువాత ఏం జరుగుతుందో ఆమెకు నిజంగా తెలియదు, ఉద్యోగం, సర్టిఫికెట్టు, పెద్దక్క అన్న పిలుపు అన్నీ ఆ గచ్చుమీదే నిలబడి ఉన్నాయి. అందరూ ఉన్నచోటే, కదలకుండా, గేటువైపు తిరగండి అంది. ఇరవై ఎనిమిది ముఖాలు ఒకేసారి తిరిగాయి. ఎండ కూడా తిరిగినట్టనిపించింది, ఇంతసేపూ వీపులమీద ఉన్నది ఇప్పుడు బుగ్గలమీద పడింది. ఇప్పుడు పక్కపక్కన ఉన్నవాళ్ళు వేరు, వరసలు వేరు. లాయరు వేలు గాలిలో ఒకటి, రెండు అంటూ పోయి, ఏడు దగ్గర ఆగిపోయింది. ఏడు సంచులు. సంచికి నలుగురు. ఎవరూ రాలేదు, ఎవరూ పోలేదు.

"ఎవరో కదిలారు టీచర్," అంది ఆ పిల్ల గంభీరంగా.

"ఒట్టు, నేను కదల్లేదు!"

"నా చెప్పు కూడా కదల్లేదే, కావాలంటే చూసుకో!"

"సుద్దముక్క ఇవ్వండి టీచర్," అంది లాయరు, తెప్పించుకుని, వంగి, అందరి పాదాలచుట్టూ గుండ్రంగా గీతలు గీయడం మొదలుపెట్టింది. నాకు అరిచి చప్పట్లు కొట్టాలనిపించింది. జీవితమంతా నేను సభల్లో, ఉత్తరాల్లో, పత్రికల్లో అడుక్కున్నది ఇదే కదా: నమ్మేముందు ఒక గీత గీయండి, మోసానికి దారి లేకుండా చేసి తరువాత చూడండి. కొందరికి గిలిగింతలు పుట్టి నవ్వారు, ఒకడు చెప్పుమీద సుద్ద పడిందని గొడవపెట్టాడు, లెక్చరర్ గడియారం చూసుకున్నాడు. గోడవైపు తిరగమంటే తిరిగారు, నాలుగు. గేటువైపు, ఏడు. ఎవరి గుండ్రంలో వాళ్ళే. ఆ పిల్ల ఏడు వరసల ముందు నిలబడి, నుదురు చిట్లించి, తలను పక్కకు వాల్చి, తరువాత ఏ హడావిడీ లేకుండా నడుచుకుంటూ గోడవైపుకు వెళ్ళి, అక్కడ నిలబడి, అక్కడినుంచి వాళ్ళను చూసింది. మళ్ళీ గేటువైపుకు వచ్చింది. మళ్ళీ గోడవైపుకు వెళ్ళింది. ఆ తిరగడంలో ఆ చిన్న ముఖంమీద ఏదో తెరుచుకోవడం నేను చూశాను, పువ్వు విచ్చుకోవడమనో దీపం వెలగడమనో రాస్తే అబద్ధమవుతుంది. మడతపెట్టిన కాగితాన్ని విప్పినప్పుడు అందులో అనుకున్నదానికంటే చోటు ఎక్కువ ఉండటంలాంటిది.

"వాళ్ళు తిరగక్కర్లేదు టీచర్. వాళ్ళు ఎలా ఉన్నా సరే. నేను ఇటొచ్చి నిలబడితే చాలు, అవే ఏడు సంచులు. అటు నిలబడితే నాలుగు. వాళ్ళకసలు తెలీనే తెలీదు!"

వాళ్ళకసలు తెలియనే తెలియదు. ఎండలో నిలబడి ఉన్న నాకు ఒళ్ళు జలదరించింది, దీన్ని వయసుకూ ఎండకూ అంటగట్టే ప్రయత్నం నిజాయితీగానే చేశాను, కుదరలేదు. నా ప్రయోగశాలలో లోలకం ఒక్కసారి కూడా సూత్రం చెప్పిన సమయానికి సరిగ్గా ఊగలేదు, ఎప్పుడూ కాస్త ఎక్కువో తక్కువో, గాలి, దారం, నా చేతి తొందర. ప్రకృతి దగ్గర నేను నేర్చుకున్న వినయమంతా ఆ కాస్త తేడాలోనే ఉంది. ఇక్కడ ఆ తేడా లేదు. ఇరవై ఎనిమిది కాక ఎవరూ ఎన్నడూ లెక్కపెట్టలేని జనాన్ని, భూమ్మీద పట్టనన్ని వరసల్లో నిలబెట్టినా, వాళ్ళ ముందునుంచి పక్కకు నడిచి వెళ్ళి నిలబడే మనిషి ఒకరుంటే చాలు, వరసలు మారతాయి, మనుషులు మారరు. ఎవరూ సరిచూడలేదు, ఎవరూ సరిచూడబోరు, అయినా తెలుసు. ఎవరో చెప్పినందువల్ల కాదు, పుస్తకంలో ఉన్నందువల్ల కాదు, నేను ముందు పరీక్షాధికారిగా కూర్చున్నందువల్ల అంతకన్నా కాదు. దేన్నీ ఊరికే నమ్మనని బతికిన నాకు, నమ్మవలసిన అవసరమే లేని చోటు ఒకటి ఉందని, అది ఎక్కాల పుస్తకంలో మొదటి పేజీల్లోనే ఉందని, ఆ చోటుమీద నిలబడి దశాబ్దాలు జీతం తీసుకున్నానని తెలిసి, చూపు ఎటు నిలపాలో తోచక పెద్దక్కవైపు చూశాను. ఆమె మావైపు చూడటం లేదు. అరచేతిని నోటికి అడ్డం పెట్టుకొని, లాయరు నిలబడ్డ చోటికి వెళ్ళి, ఆ పిల్ల పక్కనే నిలబడి, అటునుంచి తానూ చూస్తోంది. గంట కొట్టారు.

స్టాఫ్‌రూములో ఫ్యాను తిరుగుతోంది, బల్లమీద పత్రం ఉంది. లెక్చరర్ తన వాదనను మర్యాదగానే పెట్టాడు.

"పాఠం పూర్తి కాలేదు సార్. పునశ్చరణ లేదు, ముగింపు లేదు, ఇంటిపని ఇవ్వలేదు. పైగా పిల్లలముందు నాకు తెలీదంది. ఇలాంటివాళ్ళను పాసు చేస్తే రేపు అడిగేవాళ్ళకు నేనేం చెప్పను? ఆ పిల్లకు తెలిసింది నిజమే. ఈవిడకేం తెలిసిందో మనకెలా తెలుస్తుంది?"

చివరి ప్రశ్న న్యాయమైనది. నన్ను ఊపిన దానికి నేనే సాక్షినైతే ఆ సాక్ష్యం చెల్లదు. ఒక్క గంటలో మనిషి నమ్మకం మారిందనడం పదమూడో నంబరు గది కథకంటే బలమైనదేం కాదు. రేపు పొద్దున మళ్ళీ ఆ పరాయి వంటగది గుమ్మంలోనే నిలబడదని ఎవరు చెప్పగలరు. పరీక్షించకుండా సంతకం పెట్టలేను, పరీక్షించాలంటే ఒకటే దారి కనిపించింది, అది అంత మర్యాదైనది కాదు. ఆమెను లోపలికి పిలిచాను. చేతులకు ఇంకా సుద్ద ఉంది. కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చుంది.

"బాగా చేశావమ్మా," అన్నాను. "చిన్న సంఖ్యలైతే అలాగే సరిపోతాయి. కానీ నేను జీవితమంతా లెక్కలతో గడిపినవాణ్ణి కదా, ఒక మాట చెబుతా విను. సంఖ్యలు బాగా పెద్దవైతే, లక్షల్లోకి వెళ్తే, ఒక్కోసారి ఒకటి తేడా వస్తుంది. ఈ వైపునుంచి ఒకటి తక్కువ, ఆ వైపునుంచి ఒకటి ఎక్కువ. అది పిల్లలకు చెప్పకపోవడం తప్పు కదా?"

లెక్చరర్ తల ఎత్తి నన్ను విచిత్రంగా చూశాడు. ఆమె పత్రంవైపు చూసింది. కలం ఏ చేతిలో ఉందో చూసింది. అవునండి అంటే చాలు, మంచిదండి ఇకనుంచి చెబుతానండి అంటే చాలు, ఇన్నేళ్ళూ ఆమె బతుకు అలా అనడంమీదే నడిచింది. ఆ మాట పెదవుల దాకా రావడం నేను చూశాను. తరువాత తన అరచేతులవైపు చూసుకుంది, ఒకదాన్ని బల్లమీద చాపి, వేళ్ళు విడదీసి, తలను మెల్లగా పక్కకు వంచి దాన్ని ఆ వైపునుంచి చూసింది.

"రాదండి," అంది.

"నేను చూశానమ్మా," అన్నాను, గొంతు కటువు చేసుకొని.

"మీరు పెద్దవారు, మీకు ఎదురు చెప్పకూడదు." కళ్ళలో నీళ్ళు నిండాయి, కానీ చూపు దించలేదు. "కానీ మీరే ఎక్కడో లెక్క తప్పుంటారండి. మళ్ళీ ఫెయిల్ చేసినా సరే. రాదు. రావడానికి వీల్లేదు."

నేను జవాబు చెప్పేలోపే పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి పత్రాన్ని తనవైపు లాక్కుంది. లెక్చరర్ తన సంతకం పెట్టి, దాన్ని నాముందుకు జరిపాడు.